బ్యాటరీ యాసిడ్ ఇంట్లో ఉండగా ఫాస్ఫారిక్ ఆమ్లం ఎందుకు?

ప్రశ్న: సార్, నమస్తే. నేను హన్మకొండలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఫ్యూయల్ సెల్‌లలో, అంటే హైడ్రోజన్ లాంటి ఇంధనాన్ని ఆక్సిజన్‌తో కలిపి కరెంటు తీసే సెల్‌లలో, వాడే ఆమ్ల విద్యుద్విశ్లేష్యాల పోలిక తీసుకున్నాను. మా బాపుకు చౌరస్తా దగ్గర బ్యాటరీల షాపు ఉంది, కాబట్టి సల్ఫ్యూరిక్ యాసిడ్ మాకు కొత్త కాదు. అర మోలార్ ద్రావణాలు చేసి నాలుగు ఆమ్లాల కండక్టివిటీ (వాహకత) కొలిచాను. హైడ్రోక్లోరిక్, నైట్రిక్, సల్ఫ్యూరిక్ బాగా వచ్చాయి. ఫాస్ఫారిక్ చాలా వెనకబడింది. పుస్తకంలో చూస్తే ఫాస్ఫారిక్ ఆమ్లం సెల్‌కు ఒక పెద్ద అధ్యాయమే ఉంది, సల్ఫ్యూరిక్‌కు నాలుగు వాక్యాలు కూడా లేవు. నా కొలతలు తప్పా? టేబుల్ వేసి ర్యాంకులు ఇవ్వమని మా గైడ్ అన్నారు. వచ్చే నెల సెమినార్, చాలా టెన్షన్‌గా ఉంది. పర్‌క్లోరిక్ ఆమ్లం అన్నిటికంటే మంచిదని ఒకచోట చదివాను, కొనమంటారా? మా ఊళ్లో రైస్ మిల్లు ఉంది. ఊకతో గ్యాస్ తీసి ఈ సెల్ నడపొచ్చా? – ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు:

బిడ్డా, నీ కొలతలు తప్పు కావు. అర మోలార్ దగ్గర ఫాస్ఫారిక్ వెనకబడే తీరాలి. అది బలహీన ఆమ్లం, దాని మొదటి పీకేఏ విలువ (ఇది తక్కువైతే ఆమ్లం బలమైనదని అర్థం) 2.15. లెక్క వేసి చూడు, ఆ ద్రావణంలో వందకు పదకొండు పన్నెండు అణువులే ప్రోటాన్‌ను వదులుతాయి. మీటర్ ఆ మాటే చెప్పింది. అయితే ఫ్యూయల్ సెల్‌కు ఆమ్లాన్ని ఎంచుకునేవాళ్లు కండక్టివిటీ గురించి చివర్లో అడుగుతారు. నువ్వు దాన్ని మొదట అడిగి అక్కడే ఆగిపోయావు. నలభై ఏళ్ల కిందట నేనూ అదే చేశాను, చాలామంది విద్యార్థులు ఇప్పటికీ చేస్తారు. కండక్టివిటీ కొలవడం సులువు, మిగతావి కొలవడం కష్టం, అందుకే.

ఒక చిన్న లెక్క వేద్దాం. సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఆమ్లం పొర చాలా పలచగా ఉంటుంది. 0.2 మిల్లీమీటర్లు అనుకో. మీ షాపులో ఉండే యాసిడ్ 1.25 సాంద్రతది అయితే అందులో సల్ఫ్యూరిక్ ఆమ్లం బరువులో 34 శాతం దాకా ఉంటుంది. సల్ఫ్యూరిక్ వాహకత అత్యధికంగా ఉండేది కూడా ఇంచుమించు ఆ గాఢత దగ్గరే, సెంటీమీటరుకు 0.8 సీమెన్ల పరిసరాల్లో. చదరపు సెంటీమీటరుకు 0.2 ఆంపియర్ల కరెంటు లాగితే ఆ పొరలో పోయే వోల్టేజి 5 మిల్లీవోల్టులు. ఇప్పుడు అదే మందంలో 200 డిగ్రీల వేడి మీద దాదాపు 100 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం పెట్టు. వాహకత 0.6 దగ్గర ఉంటుంది, పోయేది 7 మిల్లీవోల్టుల లోపు. రెంటికీ తేడా రెండు మిల్లీవోల్టులు! నిజమైన సెల్‌లో ఆమ్లం సిలికాన్ కార్బైడ్ పొడితో చేసిన పొరలో ఇంకి ఉంటుంది, దారి వంకర టింకరగా ఉంటుంది కాబట్టి నష్టం రెండు మూడు రెట్లు పెరగొచ్చు. అయినా 20 మిల్లీవోల్టుల దగ్గరే ఆగుతుంది.

మరి మొత్తం నష్టం ఎంత? హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీరయ్యే చర్యకు 25 డిగ్రీల దగ్గర రావలసింది 1.23 వోల్టులు. పని చేస్తున్న సెల్‌లో వచ్చేది 0.65, 0.7. అంటే అర వోల్టు ఎక్కడో పోతోంది. అందులో సింహభాగం కాథోడ్ దగ్గర, ఆక్సిజన్ వైపు పోతోంది. ఆక్సిజన్ అణువు విడిపోయి, నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు తీసుకుని నీరుగా మారడం ప్లాటినం మీద కూడా నెమ్మదిగానే జరుగుతుంది. ఇక్కడ 500 మిల్లీవోల్టులు పోతుంటే నువ్వు రెండు మిల్లీవోల్టుల తేడాతో ఆమ్లాలకు ర్యాంకులు ఇస్తున్నావు. పుస్తకానికీ నీ మీటర్‌కూ మధ్య గొడవ ఇదే.

ఇంకో సంగతి కూడా ఉంది. నువ్వు కొలిచింది నీళ్లలో కలిపిన ఫాస్ఫారిక్‌ను. సెల్‌లో ఉండేది నీళ్లు దాదాపు లేని ఫాస్ఫారిక్. ఆ రూపంలో అది తనంతట తానే అయాన్లుగా విడుతుంది. ఒక ఫాస్ఫారిక్ అణువు పక్క అణువుకు ప్రోటాన్ ఇస్తుంది, అది ఇంకో దానికి ఇస్తుంది. స్లాబ్ పోసే రోజు మనుషులు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతులు మార్చుకున్నట్టు ప్రోటాన్ దూకుతూ పోతుంది. మనుషులు ఎక్కడివాళ్లు అక్కడే, తట్ట మాత్రం పైకి చేరుతుంది. నీరు లేకుండా ప్రోటాన్‌ను ఇంత బాగా నడిపే ద్రవాలు చాలా తక్కువ. ఆ గుణం నీ అర మోలార్ బీకరులో కనబడదు.

ఇప్పుడు అసలు మాట. ఏ ఆమ్లం తీసుకున్నా అందులో ప్రోటాన్ ఒకటే. సల్ఫ్యూరిక్ ప్రోటాన్, ఫాస్ఫారిక్ ప్రోటాన్ అని వేరు వేరుగా ఉండవు. తేడా అంతా దాని వెంట వచ్చే ఆనయాన్‌లో, అంటే రుణావేశం ఉన్న అయాన్‌లో ఉంది. సల్ఫేటు, ఫాస్ఫేటు, క్లోరైడు, నైట్రేటు, పర్‌క్లోరేటు: వీటిని ఆనోడ్ దగ్గర ఒకసారి, కాథోడ్ దగ్గర ఒకసారి పరీక్ష పెట్టి చూడాలి.

ఆనోడ్ దగ్గర హైడ్రోజన్ ఉంది, ప్లాటినం ఉంది. ఎలక్ట్రాన్లు ఇవ్వడానికి హైడ్రోజన్ సిద్ధంగా ఉంటుంది. నీ ఆమ్లంలోని ఆనయాన్ ఆ ఎలక్ట్రాన్లను తానే తీసుకుని పాడైపోతుందా? దీనికి జవాబు నీ ఫిజికల్ కెమిస్ట్రీ పుస్తకం వెనక ఉన్న ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియళ్ల పట్టికలోనే ఉంది. హైడ్రోజన్ సున్నా. నైట్రేటు నుంచి నైట్రిక్ ఆక్సైడు 0.96 వోల్టులు. సల్ఫేటు నుంచి సల్ఫర్ డయాక్సైడు 0.17. ఫాస్ఫారిక్ నుంచి ఫాస్ఫరస్ ఆమ్లం మైనస్ 0.28. సున్నాకు పైన ఉన్నవాటిని హైడ్రోజన్ క్షయకరణం చేయగలదు, అంటే వాటికి ఎలక్ట్రాన్లు ఇవ్వగలదు, కింద ఉన్నదాన్ని చేయలేదు. నైట్రిక్ ఆమ్లం సంగతి అక్కడే తేలిపోయింది, దాన్ని నీ టేబుల్ నుంచి తీసేసినా ఫర్వాలేదు.

సల్ఫేటుది సన్నని గీత మీద నడక. చల్లగా, పలచగా ఉన్నంత కాలం ఆ చర్య చాలా నెమ్మది కాబట్టి ఏమీ కాదు. అందుకే వేల్స్‌కు చెందిన విలియం గ్రోవ్ 1842లో గ్యాస్ బ్యాటరీ చేసినప్పుడు ప్లాటినం పట్టీలను సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలోనే ముంచాడు, కరెంటు వచ్చింది. 1960లలో మిథనాల్‌తో నడిచే సెల్‌లకూ సల్ఫ్యూరిక్ ఆమ్లమే వాడి చూశారు. సెల్‌ను వేడి చేయాలనుకున్నప్పుడు కథ మారుతుంది. వేడికి నీరు ఆవిరై ఆమ్లం గాఢమవుతుంది, సల్ఫేటు ప్లాటినం మీద క్షయకరణం చెంది సల్ఫర్ డయాక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు లాంటివి పుడతాయి. గంధకం ప్లాటినానికి విషం. అంటే సెల్ తన ఆమ్లం చేతనే తాను విషం తింటుంది. మీ బాపు దగ్గరున్న యాసిడ్ లెడ్ బ్యాటరీకి సరిగ్గా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ సల్ఫేటు కూడా చర్యలో పాల్గొంటుంది, ప్లాటినం లేదు, వేడి లేదు. ఇక్కడ పని వేరు.

ఇక కాథోడ్. ఇక్కడ ఆక్సిజన్ వచ్చి ప్లాటినం మీద కూర్చుంటేనే పని మొదలవుతుంది. హన్మకొండ బస్టాండులో బస్సు ఆగగానే కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకుంటారు చూడు, ఆనయాన్లు అలాగే చేస్తాయి. ఆక్సిజన్ ఎక్కేసరికి సీట్లన్నీ ఆపి ఉంటాయి. క్లోరైడు అందరికంటే గట్టిగా పట్టుకుంటుంది. ఫాస్ఫేటు, సల్ఫేటు కూడా పట్టుకుంటాయి. పర్‌క్లోరేటు దాదాపు దస్తీ వేయదు. అందుకే ప్రయోగశాలలో కొత్త ఉత్ప్రేరకాన్ని పరీక్షించేవాళ్లు 0.1 మోలార్ పర్‌క్లోరిక్ ఆమ్లం వాడతారు. ఉత్ప్రేరకం అసలు సత్తా అందులో కనబడుతుంది. నువ్వు చదివింది బహుశా ఇదే. అది కొలిచేవాళ్లకు మంచి ఆమ్లం, సెల్ నడిపేవాళ్లకు కాదు. గాఢ పర్‌క్లోరిక్ వేడెక్కి కాగితం, గుడ్డ, చెక్క, ఆల్కహాల్ లాంటి దేనితో కలిసినా పేలిపోతుంది. సెల్ అంటేనే వేడి, కార్బన్, ఇంధనం ఒకచోట ఉండే చోటు. హైడ్రోక్లోరిక్ గురించి ఎక్కువ చెప్పక్కరలేదు: సీట్లు ఆపుకోవడమే కాదు, కాథోడ్ పొటెన్షియల్ దగ్గర క్లోరైడు ప్లాటినాన్నే కరిగిస్తుంది. అది ఆవిరి కూడా అవుతుంది.

ఇప్పుడు నీకు ఒక అనుమానం రావాలి. రాకపోతే మళ్లీ పై పేరా చదువు. ఫాస్ఫేటు కూడా ప్లాటినాన్ని గట్టిగా పట్టుకుంటుంది, పైగా గాఢ ఫాస్ఫారిక్‌లో ఆక్సిజన్ సరిగ్గా కరగదు. కాథోడ్ పరీక్షలో అది సల్ఫ్యూరిక్ కంటే తక్కువ మార్కులు తెచ్చుకుంటుంది. మరి గెలిచింది ఎందుకు?

వేడి తట్టుకుంటుంది కాబట్టి. ఈ ఒక్క గుణం మిగతా లోపాలన్నిటికీ విరుగుడు అయింది. 150 నుంచి 200 డిగ్రీల మధ్య ఫాస్ఫారిక్ ఆమ్లం పెద్దగా ఆవిరి కాదు, హైడ్రోజన్‌కు లొంగదు, ఇగిరిపోకుండా పని చేస్తుంది. ఆ వేడి మీద ఆక్సిజన్ చర్య వేగం పుంజుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, కార్బన్ మోనాక్సైడు. మామూలు వేడి మీద అది ప్లాటినాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటుందంటే, 80 డిగ్రీల సెల్‌లో పది లక్షలకు పది పాళ్లు ఉన్నా కరెంటు పడిపోతుంది. 200 డిగ్రీల దగ్గర ఆ పట్టు సడలుతుంది, ఒక శాతం దాకా ఉన్నా సెల్ నడుస్తుంది. పది లక్షలకు పది ఎక్కడ, వందకు ఒకటి ఎక్కడ! వెయ్యి రెట్ల తేడా.

ఈ తేడా ఎంత విలువైనదో తెలియాలంటే రామగుండం వైపు చూడు. అక్కడ సింగరేణి బొగ్గుతో నడిచిన పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. ఆ ఆవరణలోనే ఇప్పటి ఆర్‌ఎఫ్‌సీఎల్ (రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్) సహజ వాయువుతో యూరియా చేస్తోంది. బొగ్గైనా వాయువైనా అమ్మోనియాకు ముందు హైడ్రోజన్ కావాలి, హైడ్రోజన్‌తో పాటు కార్బన్ మోనాక్సైడు వస్తుంది. అమ్మోనియా ఉత్ప్రేరకానికీ అది పడదు. సహజ వాయువుతో నడిచే కర్మాగారాల్లో సాధారణంగా గ్యాస్‌ను నీటి ఆవిరితో కలిపి, ముందు ఇనుము ఉత్ప్రేరకం మీద 350 డిగ్రీలకు పైన, తర్వాత రాగి ఉత్ప్రేరకం మీద 200 డిగ్రీల చుట్టుపక్కల నడుపుతారు. ఆ రెండో మెట్టు దాటేసరికి మోనాక్సైడు అర శాతం కంటే తక్కువకు దిగుతుంది. ఫాస్ఫారిక్ ఆమ్లం సెల్ ఇక్కడే చాలు అంటుంది. నాఫియాన్ అనే ప్లాస్టిక్ పొర ఉన్న సెల్ (దాని సంగతి కింద చెప్తాను) చాలదంటుంది, ఇంకా ఒకటి రెండు మెట్లు శుద్ధి చేసి పది లక్షల్లో కొద్ది పాళ్లకు దించాలి. కార్లలో వాడే హైడ్రోజన్‌కైతే పరిమితి 0.2 పాళ్లే. ఒక చిన్న ఆసుపత్రికో హోటల్‌కో గ్యాస్ లైన్ మీద పని చేసే పవర్ ప్లాంటు కావాలంటే ఆ అదనపు మెట్లు లేకపోవడం పెద్ద లాభం. 1990లలో అమెరికాలో 200 కిలోవాట్ల ఫాస్ఫారిక్ ఆమ్లం యూనిట్లు అమ్ముడుపోవడానికి అది ఒక కారణం. కరెంటుగా మారేది 40 శాతం చుట్టుపక్కలే, కానీ మిగిలిన వేడిని వేడినీళ్లకు వాడుకోవచ్చు.

దీని లోపాలు కూడా నీ సెమినార్‌లో దాచకు. స్వచ్ఛమైన ఫాస్ఫారిక్ ఆమ్లం 42 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం రామగుండంలో బయట పెడితే కరిగి ఉంటుంది, రాత్రికి మళ్లీ గడ్డ. గడ్డకట్టి కరిగిన ప్రతిసారీ ఘనపరిమాణం మారి ఎలక్ట్రోడ్లు దెబ్బతింటాయి, అందుకే వాడకం లేనప్పుడూ సెల్‌ల దొంతరను (స్టాక్) 45 డిగ్రీలకు తగ్గకుండా వెచ్చగా ఉంచుతారు. స్విచ్ వేయగానే స్టార్ట్ కాదు, వేడెక్కేదాకా ఆగాలి. కరెంటు తీయకుండా ఖాళీగా వేడి మీద ఉంచినా ముప్పే. సెల్ వోల్టేజి 0.8 దాటితే కాథోడ్‌లోని కార్బన్ తుప్పు పట్టినట్టు తినుకుపోతుంది, ప్లాటినం రేణువులు కరిగి మరోచోట పేరుకుంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆమ్లం కూడా కొంచెం కొంచెం తరిగిపోతుంది. కారులో పెట్టాలంటే ఇవన్నీ తలనొప్పులు. ఒకచోట కూర్చుని రాత్రింబగళ్లు నడిచే యంత్రానికైతే సర్దుకోవచ్చు.

కారుకు గెలిచిన ఆమ్లం వేరే ఉంది. నువ్వు నీ నాలుగు సీసాల్లో దాన్ని చేర్చలేదు, ఎందుకంటే అది సీసాలో ఉండదు. నాఫియాన్ అనే ప్లాస్టిక్ పొర. దీన్ని అర్థం చేసుకోవడానికి ముందు ట్రైఫ్లోరోమీథేన్ సల్ఫానిక్ ఆమ్లం గురించి తెలుసుకో. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఒక హైడ్రాక్సిల్ తీసేసి అక్కడ ఫ్లోరిన్లు నిండిన కార్బన్‌ను పెడితే వచ్చేది అది. చాలా బలమైన ఆమ్లం, ప్లాటినం మీద సీట్లు ఆపుకోదు, ఆక్సిజన్ అందులో బాగా కరుగుతుంది. కాథోడ్ పరీక్షలో ఫాస్ఫారిక్‌ను సులువుగా దాటేస్తుంది. కానీ ఆవిరవుతుంది. పైగా ఎలక్ట్రోడ్లు తడవకుండా వేసిన టెఫ్లాన్‌ను అది తడిపేస్తుంది, దాంతో గ్యాస్ వెళ్లే రంధ్రాలు ద్రవంతో నిండి మూసుకుపోతాయి. గుణం ఉంది, నిలకడ లేదు.

నాఫియాన్‌లో ఆ రకం సల్ఫానిక్ గుంపునే పెద్ద ఫ్లోరోకార్బన్ గొలుసుకు కట్టేశారు. ఆనయాన్ ఇక ఎక్కడికీ పోలేదు. ఆవిరి కాదు, కారిపోదు, ప్లాటినం మీదకు పరుగెత్తి సీట్లు ఆపుకోవడం చాలా వరకు తగ్గింది. ప్రోటాన్ ఒక్కటే కదులుతుంది. నాకు ఎలక్ట్రోకెమిస్ట్రీలో అందంగా తోచిన ఆలోచనల్లో ఇది ఒకటి: ఆనయాన్‌తో ఇన్ని తిప్పలు ఉన్నాయి కదా, దాన్ని కట్టేద్దాం అనుకోవడం. 1965లో జెమిని 5 వ్యోమనౌకలో వెళ్లిన సెల్‌లో కూడా ఇలా కట్టేసిన ఆమ్లమే ఉంది, అయితే అది పాలీస్టైరీన్ గొలుసుకు కట్టిన సల్ఫానిక్ ఆమ్లం, ఎక్కువ కాలం మన్నలేదు. డూపాంట్ కంపెనీ నాఫియాన్ దాని చోటు తీసుకుంది. ల్యాబ్‌లో నాఫియాన్ 117 అని షీటు కనబడితే ఆ అంకెల అర్థం గుర్తుంచుకో: ఒక్కో మోల్ ఆమ్ల గుంపులకు 1100 గ్రాముల పాలిమర్, మందం అంగుళంలో వెయ్యికి ఏడు వంతులు, అంటే సుమారు 0.18 మిల్లీమీటర్లు. దీని వాహకత 0.1 సీమెన్లే. నీ మీటర్ లెక్కన బ్యాటరీ యాసిడ్‌లో ఎనిమిదో వంతు! అయినా ఇవాళ రోడ్డు మీద తిరిగే హైడ్రోజన్ కార్లలో ఉన్నది ఈ కుటుంబపు పొరలే, ఇంకా పలచనివి.

దాని బలహీనత నీరు. తడి ఆరిందంటే ప్రోటాన్ ఆగిపోతుంది. అందుకే 80 డిగ్రీలు దాటించడానికి భయపడతారు, అందుకే కార్బన్ మోనాక్సైడు బెడద తప్పదు. ఈ రెంటికీ మధ్య దారిగా 1995లో అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం వాళ్లు పాలీబెంజిమిడజోల్ అనే పాలిమర్ పొరను ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టారు. అది 160 డిగ్రీల దగ్గర, తేమ అవసరం లేకుండా నడుస్తుంది. నీరు ద్రవంగా తగిలితే మాత్రం ఆమ్లం కొట్టుకుపోతుంది, కాబట్టి స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు జాగ్రత్త కావాలి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. 2001లో కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో సీసియం హైడ్రోజన్ సల్ఫేటు అనే ఘన ఆమ్లంతో ఫ్యూయల్ సెల్ చేశారు. ఉప్పులాంటి పదార్థం, ద్రవమే లేదు, 140 డిగ్రీలు దాటాక ప్రోటాన్‌ను హాయిగా నడుపుతుంది. కొంతకాలం నడిపితే ఏం బయటపడింది? హైడ్రోజన్ వైపు సల్ఫేటు క్షయకరణం చెంది హైడ్రోజన్ సల్ఫైడు. నీ పట్టికలోని ఆ 0.17 వోల్టులే మళ్లీ. తర్వాత వాళ్లు సీసియం డైహైడ్రోజన్ ఫాస్ఫేటుకు మారారు, ఆ బాధ పోయింది. ద్రవంలో జరిగిన కథే ఘనంలో కూడా జరిగింది. సల్ఫేటును, ఫాస్ఫేటును నీ సెమినార్‌లో ఇలా పక్కపక్కన పెట్టి చెప్పు. నాలుగు ఆమ్లాల ర్యాంకుల కంటే ఇది విన్నవాళ్లకు ఎక్కువ గుర్తుంటుంది.

అసలు ఆమ్లమే ఎందుకు, క్షారం వాడొచ్చు కదా అని సెమినార్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. ఆక్సిజన్ చర్య క్షారంలో ఇంకా బాగా జరుగుతుంది, అపోలో నౌకల్లో పొటాషియం హైడ్రాక్సైడు సెల్‌లే వాడారు. కానీ వాళ్లు స్వచ్ఛమైన ఆక్సిజన్ తీసుకెళ్లారు. మామూలు గాలిలోని కార్బన్ డయాక్సైడు క్షారాన్ని కార్బొనేటుగా మార్చేస్తుంది. బొగ్గు, సహజ వాయువు, బయోగ్యాస్ నుంచి తీసిన హైడ్రోజన్‌లో అయితే ఇక చెప్పనే అక్కరలేదు. ఆమ్లం దాన్ని పట్టించుకోదు.

దీంతో నీ ఊక ప్రశ్నకు వచ్చాం. గాలితో నడిచే గ్యాసిఫయర్‌లో ఊకను కాలిస్తే వచ్చే వాయువులో కార్బన్ మోనాక్సైడు 15, 20 శాతం దాకా ఉంటుంది, తారు ఉంటుంది, దుమ్ము ఉంటుంది, సగం నైట్రోజనే. దాన్ని నేరుగా ఏ ఆమ్ల సెల్‌కూ పెట్టలేవు. తారు తీసి, గంధకం తీసి, రామగుండం గురించి చెప్పిన ఆ రెండు మెట్లు ఎక్కించాక ఫాస్ఫారిక్ సెల్‌కు దగ్గరవుతుంది. శాస్త్రం ప్రకారం కుదురుతుంది. ఒక్క మిల్లు కోసం ఆ సరంజామా అంతా పెట్టడం గిట్టుబాటు అవుతుందని మాత్రం నేను అనుకోను. ఇంజను నడుపుకోవడం మేలు. నీ ప్రాజెక్టులో దీన్ని ఒక పేరాగా రాయి, ప్రయోగంగా పెట్టుకోకు.

ఇప్పుడు ఈ నెలలో నువ్వు చేయగలిగింది. మీ డిపార్ట్‌మెంట్‌లో పొటెన్షియోస్టాట్ (ఎలక్ట్రోడ్ పొటెన్షియల్‌ను మార్చుతూ కరెంటు కొలిచే పరికరం) ఉంటే ఒక్క ప్రయోగం చెయ్యి, చాలు. 0.1 మోలార్ పర్‌క్లోరిక్ ఆమ్లంలో ఆక్సిజన్ నింపి ప్లాటినం మీద ఆక్సిజన్ క్షయకరణ రేఖ గీయి. తర్వాత అదే ద్రావణానికి ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని ఒక మిల్లీమోలార్, తర్వాత పది, తర్వాత వంద అయ్యేలా కలుపుతూ ప్రతిసారీ రేఖ గీయి. గాఢత పెరిగేకొద్దీ రేఖ తక్కువ పొటెన్షియల్ వైపు జరుగుతుంది. ఫాస్ఫేటు సీట్లు ఆపుకోవడం నీ కళ్లతో నువ్వే చూస్తావు. వీలైతే సల్ఫ్యూరిక్‌తో కూడా అలాగే చేసి పక్కన పెట్టు.

ఇందులో రెండు చోట్ల పిల్లలు మోసపోతారు. ఒకటి, పొటెన్షియల్‌ను పోల్చి కొలవడానికి పెట్టే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్. కెలోమెల్ గానీ సిల్వర్ క్లోరైడు గానీ నేరుగా ముంచితే దాని కొసలోంచి క్లోరైడు కారుతుంది. నువ్వు ఫాస్ఫేటు ప్రభావం అనుకునేది క్లోరైడు ప్రభావం కావచ్చు. మధ్యలో అదే ఆమ్లం నింపిన సాల్ట్ బ్రిడ్జి పెట్టు. రెండోది పీహెచ్. అర మోలార్ సల్ఫ్యూరిక్‌కూ అర మోలార్ ఫాస్ఫారిక్‌కూ పీహెచ్‌లో దాదాపు ఒక యూనిట్ తేడా ఉంటుంది, అంటే 55, 60 మిల్లీవోల్టులు ఊరికే పక్కకు జరుగుతాయి. అన్ని రేఖలనూ రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ స్కేలుకు (అదే ద్రావణంలోని హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ను సున్నాగా తీసుకునే స్కేలు) మార్చాకే పోల్చు. మార్చకుండా వేసిన గ్రాఫు చూపించి ఫలానా ఆమ్లం మంచిదని చెబితే ఎవరైనా ఒక్క ప్రశ్నతో పడగొడతారు.

షాపులోని యాసిడ్ ఈ కొలతలకు వాడకు. బ్యాటరీకి అది సరిపోయే సరుకే, కానీ ప్లాటినం మీద కొలిచేటప్పుడు అందులో ఇనుమో క్లోరైడో కొంచెం ఉన్నా రేఖ మారిపోతుంది. ఏఆర్ గ్రేడు (ల్యాబ్ విశ్లేషణకు తగిన శుద్ధమైన రకం) సీసా తెచ్చుకో. పర్‌క్లోరిక్ మాత్రం నువ్వు సొంతంగా కొనొద్దు, ఇంట్లో అసలు పెట్టొద్దు. డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఉంటే ల్యాబ్ ఇంచార్జి దగ్గరుండగా పలచన చేసుకో, వేడి చేయకు, ఒలికితే కాగితంతో తుడవకు, నీళ్లతో బాగా కడుగు. డిగ్రీ చదివే రోజుల్లో మా ల్యాబ్‌లో నా పక్క బెంచీ అబ్బాయి గాఢ సల్ఫ్యూరిక్‌లో నీళ్లు పోశాడు. ఒక్క క్షణంలో అది చిట్లి అతని చెయ్యి, మెడ కాలాయి. అప్పుడు మాకెవరికీ కళ్లద్దాలు ఇవ్వలేదు. కళ్లలో పడకపోవడం అదృష్టం తప్ప మరేం కాదు. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో కాదు. బ్యాటరీల షాపులో పెరిగిన పిల్లకు ఇది తెలిసే ఉంటుంది, అయినా చెప్తాను. కళ్లద్దాలు లేకుండా ఒక్క సీసా మూత కూడా తీయకు. ఫాస్ఫారిక్‌ను 180 డిగ్రీలకు వేడి చేసే ప్రయోగం జోలికి కూడా పోకు, ఆ వేడి మీద అది గాజునే తింటుంది.

టేబుల్ సంగతి. గైడ్ గారు అడిగారు కాబట్టి టేబుల్ వెయ్యి, ర్యాంకు నిలువు వరస మాత్రం వద్దని మర్యాదగా అడుగు. దాని బదులు ఆనోడ్ దగ్గర క్షయకరణం, ప్లాటినం మీద అధిశోషణం (అదే, సీట్లు ఆపుకోవడం), ఆక్సిజన్ కరిగే తీరు, ఏ వేడి దాకా నిలుస్తుంది, ఎంత మోనాక్సైడు ఓర్చుకుంటుంది అని రాయి. కండక్టివిటీ కూడా రాయి, చివర్న. నీ కొలతలు పారేయకు, నేను పైన వేసిన మిల్లీవోల్టుల లెక్క వాటి కింద పెట్టు. మొదట ఇలా అనుకున్నాను, లెక్క వేస్తే ఇలా తేలింది అని చెప్పడానికి సిగ్గు పడకు. నేను ఎగ్జామినర్‌గా ఉంటే ఆ ఒక్క స్లయిడుకే ఎక్కువ మార్కులు వేస్తాను.

మన దేశంలో ఎవరు చేస్తున్నారని అడిగితే చెప్పడానికి: ముంబై దగ్గర అంబర్‌నాథ్‌లోని నేవల్ మెటీరియల్స్ రీసెర్చ్ లాబొరేటరీ జలాంతర్గాముల కోసం ఫాస్ఫారిక్ ఆమ్లం సెల్‌నే ఎంచుకుంది, 2021 మార్చిలో నేల మీద నమూనాను పరీక్షించారు. హైడ్రోజన్‌ను లోపలే తయారు చేసుకునే పద్ధతి అది. హైదరాబాద్ బీహెచ్‌ఈఎల్ పరిశోధన విభాగం కూడా గతంలో ఫాస్ఫారిక్ సెల్‌ల మీద పని చేసింది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థకు చెన్నైలో ఫ్యూయల్ సెల్‌ల కేంద్రం ఉంది, అక్కడ పొర ఉన్న సెల్‌ల మీద పని జరుగుతుంది. ఎమ్మెస్సీ అయ్యాక అలాంటి చోట ఇంటర్న్‌షిప్‌కు రాసి చూడు.

ఒక చిన్న మాట మిగిలింది. ల్యాబ్‌లో దొరికే 85 శాతం ఫాస్ఫారిక్ 21 డిగ్రీల దగ్గర గడ్డకట్టగలదు. చలికాలం పొద్దున్నే సీసా తీస్తే లోపల తెల్లటి స్ఫటికాలు కనబడొచ్చు. పాడైందనుకుని పారబోయకు, పైన తేలిన ద్రవం మాత్రమే పిపెట్‌తో తీసి వాడకు, అప్పుడు గాఢత తప్పు వస్తుంది. సీసాను గోరువెచ్చని నీళ్ల గిన్నెలో ఉంచి, అంతా కరిగాక బాగా కలిపి, అప్పుడు తూచుకో.